అంకెలతో హారములు కూర్చిన మహావీరాచార్యులు

వర్తక కుటుంబములలో బిడ్డలకు ఓనమాలతో పాటు ఎక్కములను కూడ నేర్పుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. దీపావళినాడు క్రొత్త చిట్టాను తెరచి, పూజ చేసి, మొదటి పుటపై శుభాక్షరములు వ్రాసిన పిదపనే జమాఖర్చులు ఆరంభింతురు. వర్ధమాన మహావీరస్వామి నిర్వాణమును జైనులు స్మరించునదియు ఆ దీపావళినాడే. ఆ స్వామి నామమునే ధరించి, ఆ స్వామికి మ్రొక్కియే లెక్కల గ్రంథమును మొదలిడిన మహనీయులొకరు క్రీ.శ. 850 ప్రాంతమున దక్షిణ దేశమున వెలసిరి. వారే మహావీరాచార్యులు. వారు రచించిన గ్రంథము గణితసారసంగ్రహము.

ఆచార్యులవారు తమ గ్రంథమున తమ తల్లిదండ్రుల పేర్లు గాని, పుట్టిన ఊరు గాని వ్రాసికొనలేదు. జినేశ్వరుని కీర్తించిరి, తమ కాలపు రాజును కీర్తించిరి, గణితశాస్త్రమును కీర్తించిరి. తమను మాత్రము మరుగున ఉంచుకొనిరి. ధనమును త్యజించినవారు పెక్కుమంది కలరు. కీర్తిని త్యజించినవారు అరుదు. కావున వారి జీవితమును తెలిసికొనదలచినవారు వారి కాలమును, వారి గ్రంథమును, ఆ గ్రంథము తరువాతి వారి చేతులలో పడిన పాట్లను చూడవలసియున్నది. వానిలోనే వారి స్వభావము స్పష్టముగా కానవచ్చును.

మాన్యఖేటపు ప్రభువు

ఆ దినములలో దక్కను దేశమును రాష్ట్రకూటులు ఏలుచుండిరి. మూడవ గోవిందుని కుమారుడు అమోఘవర్షుడు క్రీ.శ. 814 ప్రాంతమున బాలుడుగా ఉండగనే సింహాసనమెక్కి, అరువది ఏండ్లకు పైగా పాలించెను. ఆతనికి నృపతుంగుడని బిరుదు. ఆతని రాజధాని మాన్యఖేటము. నేడు కర్ణాటకమున కలబురగి జిల్లాలో, కాగిణా నది ఒడ్డున మళఖేడ అను పేరుతో ఉన్న ఊరే ఆ మహానగరము. పాడుపడిన కోటయు, నేమినాథ బసదియు నాటి వైభవమునకు నేటికిని సాక్ష్యములు. క్రీ.శ. 851లో వ్రాయబడిన అరబ్బు వర్తకుని వృత్తాంతమొకటి ఈ రాజ్యమును లోకములోని నాలుగు మహారాజ్యములలో ఒకటిగా లెక్కించినది.

బాల్యమున తిరుగుబాటులను, యౌవనమున వేంగీ చాళుక్యులతోను గంగులతోను యుద్ధములను చూచిన అమోఘవర్షుడు క్రమముగా కత్తికంటె కలమునే ఎక్కువగా ఆదరించెను. ఆదిపురాణకర్తయైన జినసేనాచార్యులు ఆతనికి గురుతుల్యులు. శాకటాయనుడు తన వ్యాకరణమునకు వ్రాసికొన్న వృత్తికి ఆ రాజు పేరనే అమోఘవృత్తి అని పేరిడెను. ఉగ్రాదిత్యుడు కల్యాణకారకమను వైద్యగ్రంథమును రచించెను. కన్నడ భాషలో లభించిన గ్రంథములలో మొదటిదైన కవిరాజమార్గము ఆ కొలువుననే పుట్టినది. వ్యాకరణము, వైద్యము, కావ్యము, పురాణము ఇన్నియు ఒక్కచోట పండిన ఆ కాలమున గణితము పండుటలో ఆశ్చర్యము లేదు. మహావీరాచార్యులు తమ గ్రంథారంభమున ఈ రాజును స్యాద్వాద న్యాయమును ఆదరించినవానిగను, ప్రజలకు ఈతిబాధలు లేకుండ కాపాడువానిగను కొనియాడిరి.

జైనులును పెద్ద సంఖ్యలును

జైన శాస్త్రములకు సంఖ్య క్రొత్తది కాదు. లోకప్రమాణము, ద్వీపసముద్రముల విస్తీర్ణము, జీవరాసుల సంఖ్య, కర్మస్థితుల కాలము, ఇవి చెప్పవలసి వచ్చినపుడు పూర్వాచార్యులకు చిన్న అంకెలు చాలలేదు. సంఖ్యాతము, అసంఖ్యాతము, అనంతము అని సంఖ్యలను మూడు తెగలుగా విభజించి, వానిలో మరల అంతరభేదములను చూపిరి. అనుయోగద్వార సూత్రమున శీర్షప్రహేళిక అను కాలమానము కలదు. 84 లక్షలను 84 లక్షలతో వరుసగా హెచ్చవేయుచు, మొత్తము 28 మారులు తీసికొన్నచో వచ్చు సంఖ్య అది. దానిని అంకెలలో వ్రాసినచో 194 స్థానములు పట్టును.

ఆ సూత్రముననే మనుష్యుల సంఖ్యను గూర్చి మరియొక లెక్క కలదు. రెండును వర్గము చేసిన 4, దానిని వర్గము చేసిన 16, మరల 256, మరల 65536, ఇట్లు పోగా ఐదవ వర్గమును ఆరవ వర్గముతో హెచ్చవేయవలెను. వచ్చు లబ్ధము 29 స్థానముల సంఖ్య. అది 79228162514264337593543950336. దానిని 96 మారులు సగము సగముగా పంచుకొనుచు పోయినచో చివరకు ఒకటి మిగులును. ఒక సంఖ్యను ఎన్ని మారులు సగము చేయవచ్చునో చెప్పు ఈ పద్ధతికి అర్ధచ్ఛేదమని పేరు. షట్ఖండాగమమునకు ధవళ అను మహావ్యాఖ్య రచించిన వీరసేనాచార్యులు దీనిని విరివిగా వాడిరి. ఆ వీరసేనుల శిష్యులే జినసేనులు. పెద్ద సంఖ్యలకు భయపడని ఇట్టి సంప్రదాయపు గాలిలోనే మహావీరాచార్యుల బుద్ధి పెరిగినది.

గణితసారసంగ్రహము

వారికి ముందు గణితమును వ్రాసిన ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మున్నగువారు దానిని జ్యోతిషమున ఒక భాగముగా వ్రాసిరి. మహావీరాచార్యులు గ్రహచారమును విడిచి, గణితమునకే ప్రత్యేకముగా గ్రంథము నిర్మించిరి. సంజ్ఞలు, పరికర్మలు, భిన్నములు, ప్రకీర్ణకములు, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రగణితము, ఖాతగణితము, ఛాయాగణితము అని తొమ్మిది అధికారములు. వేయికి మించిన శ్లోకములు. సముద్రమునుండి రత్నములను, రాతినుండి బంగారమును, చిప్పనుండి ముత్యమును తీసినట్లు పూర్వుల శాస్త్రమునుండి సారము గ్రహించితినని వారు వినయముతో చెప్పికొనిరి. వంటశాల మొదలు వైద్యము వరకు, సంగీతము మొదలు గృహనిర్మాణము వరకు, వ్యాపారము మొదలు గ్రహణముల వరకు గణితము లేనిచోటు మూడు లోకములలో లేదని వారి నిశ్చయము.

సంఖ్యాస్థానములను వారు ఒకటి మొదలు మహాక్షోభము వరకు 24 గా చెప్పిరి. తీర్థంకరుల సంఖ్యయు 24 అగుటచేత జైనులకు ఈ పట్టికను జ్ఞాపకముంచుకొనుట సులభము. అంకెలకు బదులు వాడు పేర్లలోను వారి మతభావము గోచరించును. రత్నత్రయమునుబట్టి రత్నమనగా 3. క్రోధము, మానము, మాయ, లోభము అను కషాయములనుబట్టి కషాయమనగా 4. తత్త్వమనగా 7, కర్మమనగా 8. జైన బాలుడు ఆ శ్లోకములు వల్లించినచో లెక్కయు వచ్చును, ధర్మమును నోట నిలుచును.

అంకెల హారములు

గ్రంథమున పరికర్మాధికారమునందు గుణకారము నేర్పుచోట ఆచార్యులవారు ఒక వినోదము చేసిరి. జినాలయమునకు ఇన్ని మణులు, ఇన్ని ఆలయములకు ఎన్ని అని మొదట మామూలు లెక్కలే ఇచ్చిరి. వానిలోనే 139ని 109తో హెచ్చవేయుమనిరి. లబ్ధము 15151. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒక్కటే. పిమ్మట వరుసగా ఇట్టివే వచ్చును.

152207ను 73తో హెచ్చవేసిన 11111111.
12345679ని 9తో హెచ్చవేసిన 111111111.
14287143ను 7తో హెచ్చవేసిన 100010001.
142857143ను 7తో హెచ్చవేసిన 1000000001.
333333666667ను 33తో హెచ్చవేసిన 11000011000011.
27994681ని 441తో హెచ్చవేసిన 12345654321.

ఇట్టి సంఖ్యలకు కంఠహారముల పేర్లు పెట్టిరి. హారమును ఏ కొననుండి చూచినను పూసల వరుస ఒక్కటే అగునట్లు ఈ అంకెల వరుసయు ఒక్కటే. రాజులు మెడలో వేసికొనదగిన హారములని ఆచార్యులవారి చమత్కారము. సర్వసంగములను విడిచిన సంప్రదాయమువారు అంకెలతోనే ఆభరణములు చేసిరి. దొంగలు ఎత్తుకొనిపోలేని ఆభరణములవి.

వీనియందు ప్రయోజనమును లేకపోలేదు. పూర్వము సంఖ్యలను మాటలలో చెప్పునపుడు ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఎడమకు పోవుదురు. అంకెలలో వ్రాసి చదువునపుడు పెద్ద స్థానమునుండి కుడికి వత్తురు. నేర్చుకొను పిల్లవాడు ఇక్కడనే తడబడును. హారసంఖ్యకు ఈ చిక్కు లేదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. లెక్క చేయువాడు ఒక్క అంకె తప్పినను సాధారణముగా హారము తెగిపోవును, ఆ తప్పు వెంటనే కంటబడును. తాటియాకుపై వ్రాయు లేఖకుడు మూలసంఖ్యలో ఒక అంకె పొరపడినను, చదువరి గుణించి చూచి ఆ పొరపాటును దిద్దుకొనవచ్చును. చిట్టాలోని మొత్తము ఆవర్జాలోని మొత్తముతో సరిపోలినపుడు గుమాస్తాకు కలుగు నెమ్మది ఎట్టిదో, హారము కుదిరినపుడు విద్యార్థికి కలుగు నెమ్మదియు అట్టిదే.

ఒక్క హారపు విశేషము

పై హారములలో చివరిదానిని కొంచెము పరిశీలింపదగును. 12345654321 అనగా వాడుకలో 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఆచార్యులవారి పట్టిక ప్రకారము దీని మొదటి అంకె పదునొకండవ స్థానమైన అర్బుదమున నిలుచును. ఒకటితో మొదలై ఆరు వరకు ఎక్కి, మరల క్రమముగా దిగునదని వారు ఈ సంఖ్యను వర్ణించిరి.

ఇది ఎట్లు వచ్చినది? 441 అనగా 21ని 21తో హెచ్చవేసినది. 27994681 అనగా 5291ని 5291తో హెచ్చవేసినది. 21ని 5291తో హెచ్చవేసినచో 111111 వచ్చును. కావున ఈ హారము 111111 యొక్క వర్గమే. ఆరు ఒకట్లను ఆరు ఒకట్లతో హెచ్చవేయునపుడు 111111ను ఆరు వరుసలుగా, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క స్థానము ఎడమకు జరిపి వ్రాయుదురు. కుడికొన నిలువులో ఒక్క ఒకటి, పక్క నిలువులో రెండు ఒకట్లు, ఆ పక్క మూడు, ఇట్లు నడిమి నిలువులో ఆరు ఒకట్లు ఉండును. అటుపై ఒక్కొక్కటి తగ్గును. ఏ నిలువు మొత్తమును పదికి చేరదు గనుక పక్క స్థానమునకు తీసికొనిపోవలసినది లేదు. అందుచేత మెట్లు మెట్లుగా ఎక్కి దిగును. తొమ్మిది ఒకట్ల వరకు ఈ అందము నిలిచి 12345678987654321 వచ్చును. పది ఒకట్లతో చేసినచో నడిమి నిలువున పది వచ్చి, దాని ఒకటి పక్కకు పోయి, హారము చెదరును.

ఈ సంఖ్యలోని అంకెలనన్నిటిని కూడినచో 36 వచ్చును. అది ఆరు ఆరులు. నడిమి అంకెయు ఆరే. మరియు 111111ను 3, 7, 11, 13, 37 అను ఐదు సంఖ్యల లబ్ధముగా విడదీయవచ్చును. ఈ ఐదింటిని ఇంకను చిన్నవిగా విడదీయుటకు వీలులేదు. కావున హారములో ఒక్కొక్కటి రెండేసి మారులు ఉండును. వానినిబట్టి లెక్కించినచో ఈ సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలు సరిగా 243. పైకి ఒక్క వరుస పూసలుగా కనబడు సంఖ్యలో ఇన్ని పాళ్ళు ఇమిడియున్నవి.

12345679 హారమును పిల్లలు ఇట్టే చేసి చూడవచ్చును. అందులో 8 అను అంకె లేదు. దానిని 9తో గుణించిన తొమ్మిది ఒకట్లు, 18తో గుణించిన తొమ్మిది రెళ్ళు, 27తో గుణించిన తొమ్మిది మూళ్ళు, 81తో గుణించిన తొమ్మిది తొమ్మిదులు వచ్చును. ఒక్కమారు ఇది చూచిన బిడ్డ లెక్కకు జంకదు.

గృహస్థునకు గణితము

హారములు వినోదమే అయినను గ్రంథమున ఎక్కువ భాగము గృహస్థునకు పనికివచ్చునదే. త్రైరాశికము, వడ్డీ, అసలు, గడువు, భాగస్థుల పాళ్ళు, వన్నెలు వేరైన బంగారములను కలిపి కరగించినపుడు వచ్చు వన్నె, ఇవన్నియు అందు కలవు. అరువది మూడు సమానమైన అరటిపండ్ల రాసులు, విడిగా ఏడు పండ్లు ఉండగా, ఇరువది ముగ్గురు బాటసారులు సమానముగా పంచుకొనిరి. రాసికి ఎన్ని పండ్లు అని ఒక ప్రశ్న. రాసికి 5 చొప్పున 315, విడిపండ్లతో 322. తలకు 14 వచ్చి లెక్క తెగును. ఆరు రుచులనుండి ఒకటి మొదలు ఆరు వరకు తీసికొని ఎన్ని విధముల కలుపవచ్చునని మరియొక ప్రశ్న. సమాధానము 63. ఇట్టి ఎంపికలకు సామాన్యసూత్రమును వారు స్పష్టముగా చెప్పిరి.

ఒకటిని ముక్కలు చేయుటలోను వారి నేర్పు గొప్పది. ప్రతి ముక్కయు సగము, మూడవ పాలు, తొమ్మిదవ పాలు వంటిదిగా ఉండవలెను, అన్నియు కలిసిన ఒకటి కావలెను. దానికి సూత్రము చెప్పిరి. ఉదాహరణమునకు నాలుగు ముక్కలైన సగము, మూడవ పాలు, తొమ్మిదవ పాలు, పదునెనిమిదవ పాలు. వీనిని కూడినచో సరిగా ఒకటి. భిన్నములను కూడుటకు వాని ఛేదములన్నిటికి సరిపడు కనిష్ఠసంఖ్యను కనుగొను పద్ధతిని నిరుద్ధమను పేర చెప్పిరి. నేడు బడులలో కనిష్ఠ సామాన్య గుణిజమని చెప్పునది అదియే. ఋణసంఖ్య ఏ సంఖ్యకును వర్గము కానేరదు గనుక దానికి వర్గమూలము లేదని విస్పష్టముగా చెప్పిరి. కోలగా సాగిన వృత్తపు చుట్టుకొలతను, వైశాల్యమును గూర్చియు సూత్రములు వ్రాసిరి.

ఒక్కచోట వారి మాట నిలువలేదు. ఏ సంఖ్యనైనను సున్నతో భాగించినచో ఆ సంఖ్య మారక ఉండునని వారు వ్రాసిరి. పంచుకొనువారే లేనపుడు సొమ్ము అట్లే ఉండునుగదా అని లోకదృష్టికి తోచును. కాని గణితమున అది చెల్లదు. క్రీ.శ. 1150 నాటి భాస్కరాచార్యుడు అట్టి రాశిని ఖహరమని వేరుగా ఎంచి, అనంతముతో పోల్చెను. సున్నతో భాగించుటకు అర్థమే లేదని నేటి గణితజ్ఞుల నిర్ణయము. మహనీయుల పొరపాటును దాచుట భక్తి కాదు. లెక్కలో తప్పు ఎవరిదైనను తప్పే. పద్దు దిద్దినంతమాత్రమున పెద్దలకు అగౌరవము రాదు.

తెలుగునేల మీద

మాన్యఖేటము తెలుగుదేశపు సరిహద్దునకు దగ్గరిది. రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యుల కాలమున తెలంగాణమున జైనము వర్ధిల్లినది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల గుట్టపై తెలుగు కందపద్యములను చెక్కించినది పదవ శతాబ్దముననే. అట్టి నేలకు గణితసారసంగ్రహము చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున శాస్త్రగ్రంథములకు అదియే తొలి అడుగు. ఆ పుస్తకమునకు పావులూరి గణితమని పేరు నిలిచినది.

మల్లన శైవుడు. మూలములోని జైన సన్నివేశములను తన మతమునకు తగినట్లు మార్చుకొనెను. కాని లెక్కలను విడువలేదు. అంకెల హారములపై ఆతనికి ఎంత మక్కువ కలిగినదనగా, మూలమున లేనివానిని పెక్కింటిని తాను క్రొత్తగా కూర్చి చేర్చెను. చదరంగపు గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టించుచు అరువది నాలుగు గళ్ళు నింపినచో వచ్చు మొత్తము 18446744073709551615 అని చెప్పు తెలుగు పద్యము ఆతని పేర నేటికిని ప్రసిద్ధము. ఈ సంఖ్య అనుయోగద్వారమున చెప్పిన ఆరవ వర్గమునకు సరిగా ఒకటి తక్కువ. మతములు వేరైనను, భాషలు వేరైనను, సంఖ్య మాత్రము ఒక్కటే.

ఇందు సంతోషింపదగినదియు కలదు, చింతింపదగినదియు కలదు. జైనాచార్యుల విద్య తెలుగు ఇండ్లలో పావులూరివారి పేర బ్రదికినది. మూలకర్త పేరును మాత్రము పండితులు తప్ప ఇతరులు మరచిరి. తమ పేరును దాచుకొన్న ఆచార్యులవారికి ఇది కొరతగా తోచియుండదు. వారి సంప్రదాయమునకు చెందినవారు మరచుట మాత్రము కొరతయే.

తాటియాకులనుండి అచ్చునకు

మూలగ్రంథము శతాబ్దములపాటు తాటియాకులలోనే నిలిచినది. ఒక తాటియాకు ప్రతి పురుగుకు, తడికి, నిప్పుకు లోబడి కొలదికాలమే మన్నును. ప్రతి కొన్ని తరములకు ఒకరు కూర్చుండి దానిని మరల వ్రాయవలెను, వ్రాయించువారికి ఒక గృహస్థు ధాన్యమును, ధనమును ఇయ్యవలెను. ఆహార, ఔషధ, అభయ దానములతో పాటు శాస్త్రదానమును గృహస్థధర్మముగా విధించిన జైనమతము ఈ పనిని పుణ్యముగా చేసినది. బసదులలోను మఠములలోను భాండారములు నిలిచినవి. పేరు తెలియని ఎందరో శ్రావకుల సొమ్ము ఆ ఆకులలో ఉన్నది.

ఇరువదవ శతాబ్దారంభమున మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యులును, ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు అధ్యక్షులును అయిన మలూరు రంగాచార్యులు ఈ గ్రంథపు ప్రతులను వెదకి కూర్చిరి. ఒక ప్రతి మూడబిదిరె జైనులయొద్ద కన్నడ లిపిలో ఉన్న తాటియాకు ప్రతికి నకలు. 1908లో రోమునగరమున జరిగిన గణితజ్ఞుల మహాసభలో అమెరికా పండితుడు డేవిడ్ యూజీన్ స్మిత్ ఈ గ్రంథమును గూర్చి ప్రసంగించెను. 1912లో రంగాచార్యులు మూలమును ఆంగ్లానువాదముతో మద్రాసున ప్రకటించిరి. 1963లో షోలాపురమున జీవరాజ జైన గ్రంథమాల వారు హిందీ అనువాదముతో ప్రకటించిరి. 2000లో హోంబుజ మఠమువారి పూనికతో కన్నడానువాదమును వెలువడినది.

వెయ్యేండ్లకు పైగా ఆ హారములు తెగలేదు. 12345654321 నాడు మాన్యఖేటమున ఎట్లున్నదో నేడును అట్లే ఉన్నది. రాష్ట్రకూటుల కోట కూలినది, వారి నాణెములు చెల్లవు, వారి భాండాగారపు బంగారము ఎవరి చేతులు మారినదో తెలియదు. ఆచార్యులవారి సొమ్ముకు తరుగు లేదు. వ్యాపారమున లాభనష్టములు వచ్చుచుండును, పోవుచుండును. బిడ్డకు నేర్పిన లెక్కయు, లెక్కతోపాటు నేర్పిన నిజాయితియు పోవునవి కావు. దీపావళినాడు క్రొత్త చిట్టా తెరచునపుడు ఇంటి పెద్ద ఒక కాగితముపై 12345679ని వ్రాసి, దానిని తొమ్మిదితో హెచ్చవేయుమని బిడ్డకు ఇచ్చినచో చాలును. ఆ బిడ్డ కన్నులలో మెరయు ఆశ్చర్యమే మహావీరాచార్యులకు నివాళి. ఇంటి అటకపై, పెట్టె అడుగున పూర్వుల తాటియాకు కట్టలు గాని, వ్రాతప్రతులు గాని ఉన్నచో వానిని పారవేయక, పండితులకు చూపి కాపాడుట శాస్త్రదానమే. మరియొక హారము వానిలో దాగియుండవచ్చును.